వాన చూసుకుని టికెట్లు కొన్నాం

మాల్దీవులకు వెళ్లివచ్చామని చెప్పగానే మా ధర్మవరంలో అందరూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "ఆడ ఎండ ఎట్లుండాది?" అని. ఆ దేశం పేరు చెబితే ఎవరికైనా నీలం నీళ్లు, తెల్ల ఇసుక, నెత్తిన ఎండ ఉన్న బొమ్మే గుర్తుకొస్తుంది మరి. మేము చూసిన మాల్దీవులు వేరు. అక్కడికి ఇంకా వెళ్లనివాళ్లకు ఎలా వెళ్లకూడదో, వెళితే ఏం చూడవచ్చో రెండూ ఇందులో దొరుకుతాయి.

పొడవాటి గీత

నా ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం ముదిగుబ్బ మండల కార్యాలయంలో గణాంకాల పనిలో గడిచింది. పంటల లెక్క, గొర్రెల లెక్క, అన్నిటికంటే ముందు వాన లెక్క. ఆఫీసు వెనక కంచె లోపల వర్షమాపకం ఉండేది. పొద్దున్నే దాని మూత తీసి, లోపలి నీళ్లను కొలజాడీలో పోసి, ఎంత పడిందో రాయాలి. చాలా రోజులు జాడీలో పోయడానికి ఏమీ ఉండేది కాదు. సున్నా రాసి సంతకం చేసి వచ్చేవాణ్ణి. సాయంత్రం ఇంట్లో నా డైరీలో కూడా అదే సున్నా. ఉద్యోగం అయిపోయినా డైరీ రాసే అలవాటు పోలేదు.

ఈ ప్రయాణం మాత్రం నా కోరిక కాదు, మా ఇంటావిడ నాగరత్న అవసరం. ఆమె మగ్గాల ఇంట్లో పుట్టింది. పట్టుచీరల అంచులకు, బుటాలకు గళ్ల కాగితం మీద నమూనాలు గీయడం ఆమె పని. ఆమె గీస్తే తమ్ముడు వెంకటేశు నేస్తాడు. అతనికున్న రెండు మగ్గాల్లో ఒకటి ఏడాదిగా ఖాళీగా ఉంది. మొన్న చలికాలంలో బెంగళూరు నుంచి ఒక బట్టల షావుకారు వచ్చి కొత్త రకం చీర అడిగాడు. ఒళ్లంతా సముద్రం, అంచు పొడవునా రంగురంగుల సముద్రపు చేపలు. నమూనా నచ్చితే రెండు మగ్గాలకూ ఏడాదంతా పని ఇస్తానన్నాడు. నాగరత్న గీసింది, వెంకటేశు నేశాడు. షావుకారు ఆ గుడ్డ ముక్కను వెలుతురులోకి తీసుకెళ్లి చూసి మడత పెట్టేశాడు.

"ఏమనుకోవద్దమ్మా, ఇవి ఈదే చేపలు కాదు. గంపలో పండుకున్న చేపలు."

శ్రావణం పెళ్లిళ్ల లోపల ఇంకొక నమూనా చూస్తానని, అదీ కుదరకపోతే మరమగ్గాలవాళ్లకు ఇచ్చుకుంటానని చెప్పి వెళ్లిపోయాడు. ఆమె రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

"ఫోన్లో కావలసినన్ని చేపలుండాయి కదక్కా. మళ్లా చూసి గీయి" అన్నాడు వెంకటేశు.

"ఫోన్లో చూసే కదరా మొదటిది గీసింది! బతికిన చేపను నీళ్లలో చూడల్ల. నేను పోతా."

"యాడికి పోతావక్కా?"

"అవి యాడుంటే ఆడికి."

నేను కాగితం తీసుకుని కూర్చున్నాను. ఇలాంటి పని అప్పగిస్తే నాకు పండగే. రంగు చేపలు లోతుకు దిగకుండానే కనపడే చోటు కావాలి. నీళ్లు తేటగా ఉండాలి. అలా చూసుకుంటూ పోతే మాల్దీవులు తేలాయి. మా ఊరి నుంచి విశాఖపట్నం చేరడానికి పట్టే సమయంలో సగం కూడా పట్టదు, బెంగళూరులో విమానం ఎక్కితే అన్నం అరిగేలోగా దిగుతాం. వీసా దిగాక ఇస్తారు. ఇక ఏ నెలలో వెళ్లాలనేది ఒక్కటే మిగిలింది. దానికి నేను ఆ దేశపు వానల పటం తీశాను. నెలకు ఒక నిలువు గీత. సంవత్సరం మొదట్లో గీతలు మా అనంతపురం గీతల్లాగే పొట్టిగా, దిగులుగా ఉన్నాయి. మే నెల గీత మాత్రం గాలిగోపురంలా లేచి ఉంది. నా వేలు దాని మీదే ఆగింది.

"మే నెల దివ్యంగా ఉంది" అన్నాను.

"వాన పడతాదా?" అంది నాగరత్న.

"పడతాదా అంటావేమి, గీత చూడు!"

"అట్లయితే అదే కొను. ఎండకు దుడ్లు పెట్టి పోయేవాళ్లుంటారా యాడన్నా? ఎండ కావాలంటే మన మిద్దెక్కితే చాలదా?"

బెంగళూరులో టికెట్లు కొనిపెట్టే అమ్మాయి, "మేలోనా సార్? ఆ నెల ఎవరూ అడగరు, రేటు బాగా తగ్గిస్తాం" అంది. వానకు వాన, తక్కువకు తక్కువ అని పొంగిపోయాను. వెంకటేశు కూడా, "మంచి నెల పట్టినావు బావా" అని మెచ్చుకున్నాడు. ఆ నెల ఎవరూ ఎందుకు అడగరో మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. మా సీమలో పుట్టినవాళ్లు తప్ప లోకంలో ఇంకెవరూ ఇలాంటి పొరపాటు చేయరని ఇప్పుడు తెలుసు.

మాలే

విమానం రాజధాని మాలే దగ్గర కిందికి దిగుతుంటే మబ్బుల సందుల్లో దీవులు కనిపించాయి. ఒక్కో దీవి చుట్టూ లేత ఆకుపచ్చ, దాని చుట్టూ నీలం, ఆ తర్వాత ముదురు నీలం. "అంచు ముందు నేసి ఒళ్లు తర్వాత నేసినట్టుండాది" అని నాగరత్న కిటికీకి ముక్కు ఆనించి కూర్చుంది.

విమానాశ్రయం ఉన్నది కూడా ఒక దీవిలోనే. తలుపు దాటి బయటికి వస్తే ఆటోలు ఉండవలసిన చోట పడవలు ఉన్నాయి. వాటి మీద వాన కురుస్తోంది. మామూలు వాన కాదు, ఆకాశం మీద ఎవరో గుండిగ బోర్లించినట్టు. మాతో దిగిన ఒక విదేశీ జంట నల్లకళ్లద్దాలు నెత్తికి పెట్టుకుని, సొంతవాళ్లెవరో పోయినట్టు ఆకాశం వైపు చూస్తోంది. మేము సంచులు కింద పెట్టి, చూరు బయటికి చేతులు చాపి నిలబడ్డాం. మే నెలలో! ఇంటి దగ్గర ఆ వేళకు తారు రోడ్డు మెత్తబడి చెప్పులకు అంటుకుంటూ ఉంటుంది. నాగరత్న తడి చేతులతో మొహం తుడుచుకుని, "వచ్చిన ఖర్చు ఈడికే సరిపోయిందయ్యా" అంది.

స్పీడ్ బోటులో ఒక గంట ప్రయాణం. పడవ అల మీది నుంచి అల మీదికి దూకుతోంది. మాట దాచడం ఎందుకు, విమానంలో తిన్నదంతా పడవవాళ్లిచ్చిన కాగితపు సంచీ పాలు చేశాను. నాగరత్నకు ఏమీ కాలేదు.

"గీత పొడుగుండాదని మురిసితివి కదా, పట్టుకో ఇప్పుడు" అని నా వీపు నిమిరింది.

ఆమినా ఇల్లు

మేము దిగిన దీవిని ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే ఒక వక్క నోట్లో అరగదు. వీధులన్నీ ఊడ్చిన తెల్ల ఇసుక. కుక్క అనేది కనిపించదు, ఆ దేశంలో కుక్కల్ని పెంచనివ్వరట. ధర్మవరం వీధుల్లో కర్ర పట్టుకుని నడిచే అలవాటున్న నాకు చేతులు ఖాళీగా తోచాయి.

మాకు గది ఇచ్చిన ఇల్లాలి పేరు ఆమినా. భర్త ఇబ్రహీం పడవ నడుపుతాడు, యాత్రికులకు చేపలున్న చోట్లు చూపిస్తాడు. సినిమాల పుణ్యమా అని ఆమినాకు హిందీ వచ్చు. మా నాగరత్నకు ధర్మవరం అంగళ్లలో నేర్చిన ఉర్దూ వచ్చు. రెండూ కలిపి వాళ్లిద్దరూ మొదటి గంటలోనే ఒకరి బిడ్డల కాన్పుల దాకా మాట్లాడేసుకున్నారు.

ఆ ఇంట్లో నన్ను కట్టిపడేసింది నీళ్ల తొట్టి. రేకుల కప్పు మీద పడిన వాన గొట్టం గుండా వచ్చి పెద్ద తొట్టిలో చేరుతుంది. చుట్టూ సముద్రమే అయినా గుక్కెడు తాగడానికి పనికిరాదు. కొళాయిలో వచ్చేది ఉప్పు తీసిన సముద్రపు నీరు. టీకి, తాగడానికి మాత్రం వాన నీళ్లే కావాలంటుంది ఆమినా. రోజూ తొట్టిని వేళ్లతో తట్టి, మోత విని ఎక్కడిదాకా నిండిందో చెబుతుంది. మా మిద్దె మీది ప్లాస్టిక్ తొట్టిని నాగరత్న కూడా అట్లాగే తడుతుంది. మాకు వినిపించే మోత మాత్రం ఎప్పుడూ ఖాళీదే.

నేను ఊరుకోలేక స్టీలు గ్లాసు ఒకటి అడిగి పుచ్చుకుని ప్రహరీ మీద పెట్టాను. నిటారు గోడల గ్లాసు, స్కేలు పెట్టి కొలవవచ్చు. తెల్లారి చూస్తే గ్లాసు పొంగిపోయింది. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో వర్షమాపకం పొంగిన రోజు ఒక్కటీ లేదు. పెద్ద పాత్ర అడిగాను. ఆమినా పక్కింటివాళ్లను పిలుచుకొచ్చి మరీ నన్ను చూపించింది. వానను కొలిచే ముసలాయన అని దీవంతా పేరు పాకింది.

పొద్దుటి ఫలహారం రొట్టె, దాంతో కొబ్బరి కోరు, ఉల్లిపాయ, మిరపకాయ, నిమ్మరసం కలిపిన చేప తురుము. రొట్టె అచ్చం మన చపాతీయే. చేపలు మేము తింటాం. అయినా నాగరత్న పళ్లెం పక్కకు జరిపింది.

"చూడనీకి వచ్చినవాటిని చూడకముందే తింటామా? ముందు మొహం చూడనీ."

ఆమినా పగలబడి నవ్వి, చేప బదులు సన్నగా తరిగిన ఆకుకూర వేసి కొబ్బరితో కలిపి ఇచ్చింది. మేము తీసుకెళ్లిన వేరుశనగ పొడి, మా మాటలో చెనిక్కాయల పొడి, ఆమె ముందు పెట్టాం. ఒక చెంచా రుచి చూసింది. తర్వాత డబ్బా మా బల్ల మీదికి తిరిగి రాలేదు.

అంగడి

రెండో రోజు గొడుగు కొందామని వెళ్లాం. ఆ దీవిలో పండేది కొబ్బరి, అరటి లాంటివి కాస్త. మిగతావన్నీ పడవలో రావలసిందే. నాలుగు టమేటాల ధరకు మా వైపు గంపెడు వస్తాయి. రేటు పడిపోయిన ఏడాది అయితే రోడ్డు పక్కన పారబోసినవి ఊరికే ఏరుకోవచ్చు. గొడుగు ధర చూసి నాగరత్నకు కోపం వచ్చింది.

"ఈ దుడ్లకు మనూర్లో గొడుగులంగడే వస్తాది. వద్దు, రా."

"తడిస్తే జ్వరం వస్తాది."

"ఎండలో ఎండితే రాలేదే అరవయ్యేండ్లు! వానలో తడిస్తే వస్తాదా?"

వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "ఏమప్పా, మన పక్కోళ్లా?"

తిరిగి చూస్తే నల్లగా, పొడుగ్గా ఒక మనిషి, చేతిలో ఉల్లిపాయల సంచీ. పేరు మస్తాన్ వలీ. సొంతూరు మా జిల్లాలోనే ఉన్న తనకల్లు. ఆ దీవి బడిలో లెక్కల మాస్టరు. అన్నేసి నీళ్లు దాటి వచ్చి తనకల్లు మనిషిని చూసేసరికి మాకు బంధువు దొరికినట్టయింది. నాగరత్న అక్కడికక్కడే అతన్ని తమ్ముణ్ణి చేసుకుని, షావుకారు మాట మొదలుకుని చేపల దాకా మొత్తం చెప్పింది.

అతను అంతా విని, "బానే ఉండాది గానక్కా, ఈ నెల్లో రమ్మని ఎవురు చెప్పినారు మీకు?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదు. వానల పటం చూసి నేనే ఎంచినాను" అన్నాను గర్వంగా.

"పటం చూసేనా?"

"అన్నిటికంటే పొడుగు గీత ఇదే."

మస్తాన్ వలీ ఉల్లిపాయల సంచీ కింద పెట్టి, అంగడి మెట్టు మీద కూర్చుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "ఓరి నాయనా! మన తనకల్లోళ్లు గూడా ఇట్లే చేస్తారన్నా. మా నాయన వచ్చినా ఇదే నెల్లో వస్తాడు. పొట్టి గీతలుంటాయే, జనవరి, ఫిబ్రవరి, అవి చూసి వస్తారు అందరూ. అప్పుడు నీళ్లు అద్దం మాదిరుంటాయి. ఇప్పుడు గాలికి సముద్రం కలకబడి ఉంటాది, పడవ బయటికి పోదు, పోయినా లోపల ఏమీ కనపడదు."

అతని నవ్వు మెల్లగా ఆగిపోయింది, ఎందుకంటే నాగరత్న నవ్వలేదు. ఆమె నా వైపు కూడా చూడలేదు. వాన కారుతున్న అంగడి చూరునే చూస్తోంది.

"మాకింకా రెండు దినాలుండాయి" అంది.

ఇబ్రహీం వరండా

ఆ మధ్యాహ్నం ఇబ్రహీం గట్టు మీదికి వెళ్లి గాలి చూసి వచ్చి తల అడ్డంగా ఊపాడు. మర్నాడు పొద్దున కూడా అంతే. చేపలు బాగా ఉండేది బయటి దిబ్బ దగ్గర, పగడాలు గోడలా పెరిగిన చోట. అక్కడ అలలు మనిషెత్తున లేస్తున్నాయట. సముద్రం మమ్మల్ని నాలుగు పక్కలా చుట్టుకుని ఉంది. అందులో ఆమెకు కావలసినవి లక్షలుగా తిరుగుతూ ఉంటాయి. మేము రేకుల కింద కూర్చుని టీ తాగుతున్నాం.

అక్కడ ప్రతి ఇంటి ముందూ ఇనుప చట్రానికి వల బిగించిన కుర్చీలు ఉంటాయి. సాయంత్రమైతే ఆడవాళ్లు, మగవాళ్లు వాటిలో చేరగిలబడి కబుర్లు చెప్పుకుంటారు. మన అరుగుల్లాంటివే, కాకపోతే కూర్చుంటే లేవబుద్ధి కాదు. ఆ సాయంత్రం మస్తాన్ వలీ కూడా వచ్చాడు. ఇబ్రహీం తన భాషలో ఏదో చెబితే అతను మాకు తెలుగులో చెప్పాడు.

"రేపు మధ్యాన్నం కదా మీ పడవ. పొద్దున ఒక గంట వాన ఆగితే చాలంట. మేమంతా ఆగాలని కోరుకుంటాము, మీరు గూడా మనసులో కోరుకోండి అంటాండాడు."

నాగరత్న చేతిలోని కప్పు కింద పెట్టింది. "ఆ మాట నా నోట రాదు తమ్ముడూ."

"ఏంటికని అడుగుతాండాడక్కా."

"నీకు తెలీదా ఏంటికో? నువ్వే చెప్పు."

మస్తాన్ వలీకి తెలుసు. అతను ఇబ్రహీం వైపు, ఆమినా వైపు తిరిగి చాలాసేపు చెప్పాడు. మధ్యలో ఒకసారి ఆగి మాతో కూడా అన్నాడు: "మా మిద్దె కారి బియ్యం మూట తడిసినాది ఒగసారి. మాయమ్మ, పాడు వాన అనింది. మా నాయన అన్నం ముందర నుంచి లేచి పోయినాడు. ఇంకోసారి ఆ మాట ఇంట్లో వినపడలేదు."

మా పెళ్లినాడు పందిరి కూలి, వండిన వంటంతా వాన పాలయింది. ఆకలితో కూర్చున్న పెళ్లివారు ఒక్కరు కూడా వాననేమీ అనలేదు. మంచిది, మంచిది అన్నారు. మా వైపు వానను రమ్మనడానికి ఎన్ని పూజలైనా ఉన్నాయి. పొమ్మనడానికి ఒక మాట కూడా లేదు.

ఆమినా అంతా విని, లేచి వచ్చి నాగరత్న చెయ్యి పట్టుకుంది. "అయితే మేము కూడా కోరుకోము" అంది.

నేను గ్లాసు బదులు పెట్టిన పాత్రను వంచి రావడానికి ప్రహరీ దగ్గరికి వెళ్లాను. అక్కడ ఎవరూ లేరు. తప్పు నెల ఎంచినవాణ్ణి నేను, కాబట్టి ఆ మాట కూడా నేనే అనేస్తే సరిపోతుందనుకున్నాను. ఒక్క గంట. ఆమె కోసం, వెంకటేశు మగ్గాల కోసం. పైకి చూశాను. చినుకులు కళ్లద్దాల మీద పడ్డాయి. పెదవులు కదిపాను. ఎంత ప్రయత్నించినా గొంతులోంచి మాట రాలేదు. ఎన్ని వేల పొద్దులు ఖాళీ జాడీ ముందు నిలబడి ఉంటాను! పాత్ర వంచి, ఖాళీ చేసి, మళ్లీ అక్కడే పెట్టి వచ్చాను.

పడవల రేవు పక్కన

చివరి రోజు తెల్లవారేసరికి గాలి తగ్గింది. వాన తగ్గలేదు. నిలువుగా, తాపీగా, దారాలు దించినట్టు పడుతోంది. నాగరత్న అప్పటికే లేచి, ఆమినా ఇచ్చిన ఈత బట్టలు వేసుకుని వరండాలో నిలబడి ఉంది. అక్కడి ఆడవాళ్లు తల నుంచి మడమల దాకా కప్పే బట్టలతోనే సముద్రంలోకి దిగుతారు. నీళ్లలోకి దిగాలంటే సిగ్గు విడవాలేమోనని భయపడి వచ్చిన ఆమెకు అది ఎంతో ఊరట.

"వాన పోనక్కరలేదు. వానలోనే దిగుతా" అంది.

ఇబ్రహీం నీళ్ల వైపు చూసి ఆలోచించాడు. బయటి దిబ్బకు పోలేం, కానీ రేవు గోడకు లోపలి పక్క రొమ్ము లోతు నీళ్లలో కొంచెం పగడం ఉంది, గాలి లేదు కాబట్టి అడుగు కనపడవచ్చు అన్నాడు. "ఎండ లేదు, రంగులు మసకగా ఉంటాయి" అని హెచ్చరించాడు.

"మసకే కావల్ల నాకు. మెరిసే రంగు ఎవురైనా వేస్తారు. మసక రంగు నేసేది మా ధర్మవరమోళ్లే" అంది. ఆమినా దాన్ని అతనికి ఎలా చెప్పిందో గానీ, అతను నవ్వుతూ మొహానికి పెట్టుకునే అద్దం, ఊపిరి గొట్టం తెచ్చి ఇచ్చాడు.

అక్కడ పని మళ్లీ ఆగింది. గొట్టం కొస నోట్లో పెట్టుకోవాలి.

"ఇది ఎంతమంది నోట్లో పెట్టుకునిందో! ఎంగిలి!"

"కడిగినారంట."

"కడిగితే పోతాదా ఎంగిలి?"

ఇబ్రహీం, అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల ఉమ్మి రుద్దాలని చేసి చూపించాడు. నాగరత్న రెండడుగులు వెనక్కు వేసింది. చేపలు ఇక ఆమె కంటపడవనే అనుకున్నాను. అప్పుడు ఆమినా గొట్టం, అద్దం రెండూ తీసుకుని, తొట్టి కొళాయి తిప్పి వాన నీళ్ల ధార కింద పట్టుకుంది. చాలాసేపు కడిగింది. తాగడానికి దాచుకున్న నీళ్లు అలా పోతుంటే నాగరత్న చూడలేకపోయింది. "చాలు చాలు, ఆపు తల్లీ" అని గొట్టం లాక్కుని, కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకుంది.

ఇద్దరం రబ్బరు చక్రం పట్టుకుని దిగాం. సముద్రం గోరువెచ్చగా ఉంది, వాన చల్లగా ఉంది. రొమ్ము దాకా ఒకటి, పైన ఒకటి. మొదటిసారి తల ముంచగానే దగ్గుతూ లేచింది. రెండోసారీ అంతే. మూడోసారి మునిగి ఇక లేవలేదు. గొట్టం కొస మాత్రం పైన కదులుతోంది. నేను చక్రం తాడు పట్టుకుని నిలబడ్డాను. ఉప్పునీళ్లు మింగాను, ఒక చెప్పు పోగొట్టుకున్నాను. "రత్నా" అని పిలిచాను. పలకలేదు. భయమేసి భుజం తట్టాను. నీళ్లలోంచి ఒక చెయ్యి పైకి లేచి, ఈగను తోలినట్టు నన్ను తోలింది.

అప్పుడు నేను కూడా అద్దం పెట్టుకుని తల ముంచాను.

కింద అంతా నిశ్శబ్దం, కరకరా బొరుగులు నమిలినట్టు ఒక చిన్న చప్పుడు తప్ప. చిలుక ముక్కులాంటి మూతి ఉన్న చేపలు పగడాన్ని కొరుకుతున్నాయి. మూరెడు చేప ఒకటి మా ముందు నుంచే సాగిపోయింది. ఆకుపచ్చ అనుకున్నాను. అది కొంచెం ఒరిగింది, గులాబీ అయింది. ఇంకా తిరిగింది, రెండూ కాని మూడో రంగు, దానికి నాకు పేరు తెలియదు. పైన నీటి మీద పడే ప్రతి చినుకూ కింది నుంచి వెండి చుక్కలా కనపడుతోంది. ఎండ ఉంటే ఆ రంగులన్నీ తళతళమని కళ్లు చెదిరేవేమో. ఆ బూడిదరంగు వెలుతురులో ఏది ఎక్కడ మారుతున్నదో తీరిగ్గా చూడవచ్చు.

నాగరత్న లేచి, నోట్లోంచి గొట్టం ఊడబెరికింది. జుట్టు మొహానికి అతుక్కుని ఉంది. నా చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది.

"రంగు కాదయ్యా! అది రంగు కాదు, పోగు! పడుగు ఒకటి, పేక ఒకటి! దేవుడు దాన్ని రెండు రంగుల్లో నేసినాడు!"

చీరకు నిలువు పోగు పడుగు, అడ్డం పోగు పేక. రెండూ వేరు వేరు రంగులైతే గుడ్డ తిప్పే కొద్దీ ఛాయ మారుతుంది. ధర్మవరం పేరు నిలబెట్టిన విద్య అదే.

"మేము చేపకు పైనా కిందా ఒకే పచ్చ వేసి, సందు లేకుండా కప్పేసినాము. ఇంక అది ఎట్ల కదులుతాది? ఊపిరాడక చచ్చింది!" అని, చుట్టూ ఎవరున్నారో కూడా చూడకుండా, వానలో, సముద్రంలో నిలబడి గట్టిగా నవ్వింది. గట్టు మీద ఆమినా కూడా ఏమీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టింది.

మళ్లీ మునిగింది. పడవకు వేళవుతోందని నేను తాడు లాగి తీసుకురావలసి వచ్చింది.

తడి బట్టలతోనే వరండాలో కూర్చుని తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరే, కండెలు పక్కన పెట్టి విను. పడుగు గులాబీ ఎక్కించు, ముదురుది కాదు, మసకది. చేపకు పేక పచ్చ. బుటా నిండుగా కప్పొద్దు, సందు ఇడువు. లోపల్నుంచి పడుగు తొంగి చూడల్ల. తెలిసిందా?"

"తెలిసిందక్కా. అక్కా, ఏమా చప్పుడు?"

"యా చప్పుడు?"

"దబదబా అంటాండాదే."

"వానరా. రేకుల మీద."

అటు వెంకటేశు ఎవరినో దగ్గరికి పిలిచాడు. "ఫోన్ కట్ చేయొద్దక్కా. అట్లే ఆడ పెట్టు. మగ్గం కాడ అందరమూ ఉండాము, ఇంటాము."

ఆమె ఫోనును రేకుల కింద వల కుర్చీలో పెట్టి, సంచులు సర్దడానికి లోపలికి వెళ్లింది. ఆమినా మాకు వడ్డించింది. ఆ పూట నాగరత్న చేప కూర రెండుసార్లు వేయించుకుని తింది. మస్తాన్ వలీ మా సంచులు పడవ దాకా మోసి, తనకల్లులో వాళ్ల నాయనకు ఇవ్వమని ఎండు కొబ్బరి పొట్లం ఇచ్చాడు. "ఆయప్పకు చెప్పన్నా, ఈడ వాన బాగుండాదని. ఇంగేమీ చెప్పొద్దు" అన్నాడు.

ధర్మవరం

ఇంటికి వచ్చేసరికి మిద్దె నిప్పుల మీది పెనంలా ఉంది. నాగరత్న సంచీ విప్పకముందే గళ్ల కాగితం పరిచింది. చాలా కాగితాలు చిరిగాయి. పడుగు రంగు కుదరక ఒకసారి పట్టు మళ్లీ అద్దకానికి పోయింది. చివరికి నేత మొదలయ్యాక వెంకటేశు మమ్మల్ని మగ్గం దగ్గరికి రానివ్వలేదు.

ఆషాఢం చివర్లో షావుకారు వచ్చాడు. చీర ఇంకా మగ్గం మీదే ఉంది, మూరెడు అంచు పూర్తయింది. కిటికీ లోంచి ఎండ దాని మీద పడుతోంది. ఆయన వంగి చూశాడు. తల పక్కకు వంచాడు, మళ్లీ ఇటు వంచాడు. వెంకటేశు మగ్గం గుంతలో కూర్చుని, తొక్కుడు కర్ర మీద కాలు పెట్టి కదలకుండా ఉన్నాడు.

"ఏమమ్మా, ఈ చేప యా పక్కకు పోతాండాది?" అన్నాడు షావుకారు.

"నువ్వు ఈ పక్కుండావు కాబట్టి ఆ పక్కకు పోతాండాది. ఆ పక్కకు పోయి చూడు" అంది నాగరత్న.

ఆయన పంచె కొంచెం ఎత్తి పట్టుకుని, దారం చుట్టిన కండెల బుట్టలు దాటుకుంటూ, మగ్గం చుట్టూ తిరిగి అవతలికి వెళ్లాడు. అక్కడ చాలాసేపు వంగి నిలబడ్డాడు.

"ఔనమ్మా" అన్నాడు.

తర్వాత నిటారుగా నిలబడి, దుమ్ము పట్టిన రెండో మగ్గం వైపు చూశాడు.

"దానికి గూడా పడుగెక్కించండి."